లోపం అనుకున్నదే ఉపాయం: ఇంట్లోని పనిముట్లలో దాగిన అమరికలను కనిపెట్టి వాడుకోవడం ఎలా

కొలత టేపు చివర ఉండే చిన్న ఇనుప కొక్కెం లొటలొటలాడుతుంటే నాకు ఒళ్లు మండేది. రెండు రివెట్ల మీద అది ముందుకూ వెనక్కూ ఓ మిల్లీమీటరు జరుగుతూనే ఉండేది. నాసిరకం సరుకని తీర్మానించుకుని, ఒక రోజు దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలేశాను. కొక్కెం లోపలికి నొక్కుకుపోయి కదలకుండా బిగిసింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ వారమే అలమరా అరలో పరచడానికి చెక్కలు కోశాను. అర లోపలి పొడవు కొలిచి, ఐదుతో భాగించి, టేపు చెప్పినంతకు ఐదు ముక్కలు తయారుచేశాను. ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తే చివర ఐదు మిల్లీమీటర్ల సందు! రంపాన్ని తిట్టాను, చెక్కను తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చాలాసేపు గడిచాక గానీ ముక్కకో మిల్లీమీటరు ఎక్కడ పోయిందో తట్టలేదు. ఆ వదులును ఎవరో లెక్కగట్టి మరీ పెట్టారు. దాన్ని నేను సుత్తితో కొట్టి చంపేశాను.

అప్పటి నుంచీ ఏ పనిముట్టులోనైనా అర్థంకాని వదులు, వంకర, చిల్లు, గాడి కనిపిస్తే వెంటనే బాగుచేయను. ముందు అది ఎందుకుందో చూస్తాను. మీరూ చూడాలనుకుంటే పనిముట్ల పెట్టెను ఒక పాత గుడ్డ మీద బోర్లించండి. ఒక మేకు, పెన్సిలు, చిన్న చెక్క ముక్క పక్కన పెట్టుకోండి. ఇది చదువుతూ ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుంటేనే విషయం తలకెక్కుతుంది.

ముందుగా: ఏది కావాలని పెట్టింది, ఏది కాదు

అనుమానం కలిగించేది ఏదైనా కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని పెట్టడానికి తయారుచేసినవాళ్లకు అదనంగా ఒక పని పడి ఉంటుందా? వేరే కంపెనీ చేసిన అదే పనిముట్టులో కూడా ఇది అదే చోట ఉందా? దీన్ని మూసేస్తే, లేదా కదలకుండా పట్టుకుంటే పనిలో తేడా వస్తోందా? మూడింటికీ అవుననే జవాబు వస్తే అది కావాలని పెట్టిందే. మొదటిదానికి మాత్రమే అవునంటే అలంకారం కావచ్చు.

ప్లాస్టిక్ వస్తువుల లోపలి వైపు చిన్న చిన్న గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. వాటి రహస్యం కోసం బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. అచ్చులో చల్లారిన వస్తువును బయటికి నెట్టే పిన్నులు ఆనిన గుర్తులవి. అంతకుమించి ఏమీ లేదు.

కొలత టేపు

మొదలుపెట్టాల్సింది దీనితోనే. ఇంత చిన్న వస్తువులో ఇన్ని ఉపాయాలు ఇంకెక్కడా చూడలేదు.

కొక్కెం సంగతి ముందు చూద్దాం. టేపుతో రెండు రకాలుగా కొలుస్తాం. చెక్క అంచుకు కొక్కెం తగిలించి లాగుతూ కొలిచేది ఒకటి, గోడకు కొక్కేన్ని ఆనించి నెడుతూ కొలిచేది ఇంకొకటి. లాగినప్పుడు కొలత కొక్కెం లోపలి ముఖం నుంచి మొదలవ్వాలి, నెట్టినప్పుడు బయటి ముఖం నుంచి మొదలవ్వాలి. ఈ రెండింటికీ మధ్య తేడా కొక్కెం రేకు మందం. అందుకే కొక్కెం సరిగ్గా తన మందమంత దూరం జరిగేలా రివెట్ల చిల్లులను కోలగా చేస్తారు. లాగితే బయటికి, నెడితే లోపలికి జరిగి సున్నాను తానే సర్దుకుంటుంది. నా టేపులో అది లోపలికి నొక్కుకుని బిగిసిపోయింది కాబట్టి అర లోపలి కొలత సరిగానే వచ్చింది. కొక్కెం తగిలించి కొలిచిన ప్రతి ముక్కా మాత్రం మిల్లీమీటరు పొట్టిదైంది.

మీ టేపు నిజం చెబుతోందో లేదో ఇలా పరీక్షించండి:

1. చివరలు తిన్నగా ఉన్న ఒక చెక్క ముక్క తీసుకుని, కొక్కెం తగిలించి పొడవు కొలవండి.
2. అదే ముక్కను నేల మీద పెట్టి ఒక చివర గోడకు ఆనించండి. దాని పక్కనే టేపు కొక్కేన్ని గోడకు నెట్టి, ముక్క రెండో చివర దగ్గర అంకె చూడండి.
3. రెండు అంకెలూ ఒకటే అయితే టేపు బాగుంది. తేడా వస్తే కొక్కెం వంగి ఉండవచ్చు, రివెట్ల దగ్గర మురికి పట్టి ఉండవచ్చు, లేదా చిల్లులు అరిగి ఉండవచ్చు. మురికైతే తుడవండి, వంగితే కటింగ్ ప్లయర్‌తో మెల్లగా నిటారు చేయండి. అరిగితే టేపు మార్చడమే.

చిల్లులు అరగడానికి పెద్ద కారణం మన చేతుల్లోనే ఉంది. టేపును ఒక్కసారిగా వదిలేస్తే స్ప్రింగు దాన్ని లోపలికి లాక్కుంటుంది, కొక్కెం వచ్చి డబ్బాకు ఠపీమని కొట్టుకుంటుంది. ఆ శబ్దం వినడానికి బాగుంటుంది, నిజమే. చివరి జానెడు మాత్రం వేలితో ఆపుతూ లోపలికి పంపండి.

కొక్కెం మధ్యలో సన్నటి చీలిక ఉందేమో చూడండి. మేకు తలను, లేదా సగం బిగించిన స్క్రూ తలను అందులో ఇరికిస్తే అవతల పట్టుకోవడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఆ మేకునే కేంద్రంగా చేసుకుని, కావాల్సిన అంకె దగ్గర పెన్సిలు పట్టి తిప్పితే పెద్ద వృత్తం గీయొచ్చు. మేకు మందం వల్ల కాస్త తేడా ఉంటుంది కాబట్టి దాన్ని మోటు పనికే వాడండి. కొన్ని కొక్కేల కింది అంచు రంపంలా గరుగ్గా ఉంటుంది. పెన్సిలు కనిపించనప్పుడు చెక్క మీద గీత గీయడానికి అది.

డబ్బా అడుగున లేదా వెనక ఒక అంకె రాసి ఉంటుంది. అది డబ్బా పొడవు. కిటికీ చట్రం లోపల కొలిచేటప్పుడు టేపును మూలలోకి వంచి అంకెను ఊహించాల్సిన పని లేదు. డబ్బా వీపును ఒక వైపు ఆనించి, టేపు చూపిన అంకెకు ఆ పొడవు కలిపితే చాలు.

రేకు అడ్డంగా దోనెలా వంగి ఉంటుంది, దూరానికి చాచినా నిలబడేది అందుకే. దోనె పైకి ఉండేలా చాచి చూడండి, తర్వాత అదే టేపును బోర్లా తిప్పి చాచండి. బోర్లా ఉన్నప్పుడు అది ఎంత తొందరగా మడతపడుతుందో మీకే తెలుస్తుంది. అయితే ఈ వంపు వల్లే అంకెలున్న అంచు చెక్కకు ఎడంగా లేచి ఉంటుంది. చదివేటప్పుడు టేపును పక్కకు వాల్చి అంచును చెక్కకు తాకించండి.

కొన్ని టేపుల మీద 16 అంగుళాలకోసారి ప్రత్యేకమైన గుర్తు, 19.2 అంగుళాలకోసారి చిన్న నల్ల వజ్రం ఉంటాయి. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు. దాన్ని ఆరు భాగాలు చేస్తే 16, ఐదు భాగాలు చేస్తే 19.2 వస్తాయి. ఎనిమిది అడుగుల పలకల కింద చెక్క దూలాలను సమాన దూరంలో పెట్టే అమెరికా తరహా కట్టడం కోసం పెట్టిన గుర్తులవి. మీరు చెక్క ఇల్లు కట్టకపోతే వాటిని వదిలేయండి.

టేపు పక్కనే రసమట్టం ఉంటే దాన్నీ చూడండి. బుడగ ఉన్న గొట్టం పైకి తిన్నగానే కనిపిస్తుంది గానీ లోపల మధ్యభాగం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బే బుడగను నడుమకు రప్పిస్తుంది. పూర్తిగా తిన్నటి గొట్టమైతే ఏ కొంచెం వాలినా బుడగ ఓ చివరికి పరుగెత్తి అక్కడే కూర్చునేది. రసమట్టాన్ని నమ్మే ముందు బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసుకుని, అదే చోట ఎడమ చివర కుడికి వచ్చేలా తిప్పి పెట్టండి. రెండు సార్లూ బుడగ ఒకే వైపుకు అంతే జరిగితే బల్ల వాలి ఉంది. వైపు మారితే రసమట్టమే తప్పు.

సుత్తి

సుత్తి ముఖం మీద స్కేలు అంచును నిలబెట్టి వెలుతురులో చూడండి. ముఖం చదునుగా ఉండదు, నడుమ ఇసుమంత ఉబ్బి ఉంటుంది. చెక్క పని సుత్తుల్లో ఇది కావాలని చేసేదే. చదునైన ముఖమైతే మేకు చెక్కతో సమానంగా దిగే ఆఖరి దెబ్బకు సుత్తి అంచు చెక్కలో చంద్రవంకలా దిగబడుతుంది. ఉబ్బు ఉంటే మేకు తల లోపలికి వెళ్తుంది, చెక్క మీద మచ్చ పడదు. అరిగిందనుకుని దాన్ని ఆకురాయితో చదును చేసినవాళ్లను చూశాను. వాళ్లను ఏమనగలను, టేపును కొట్టిన చేతులు నావి.

కొన్ని సుత్తుల తల పైన గాడి, అందులో చిన్న అయస్కాంతం ఉంటాయి. మేకును ఆ గాడిలో పెట్టి ఒక్క దెబ్బేస్తే అది గోడలో గుచ్చుకుని నిలబడుతుంది. రెండో చేయి అందని చోట, వేళ్లు నలగకుండా మొదటి దెబ్బ వేయడానికి అది.

వెనక వైపు చీలిన పంజా వంపు తిరిగి ఉంటుంది. మేకు పీకేటప్పుడు ఆ వంపే దొర్లే ఇరుసులా పనిచేస్తుంది. మేకు సగం లేచాక ఇరుసు కిందికైపోయి బలం తగ్గుతుంది. అప్పుడు సుత్తి తల కింద చెక్క ముక్క పెట్టండి. మేకు వంగకుండా తిన్నగా వస్తుంది, కింది పలకా నొక్కుకుపోదు.

చెక్క పిడి ఉన్న సుత్తి అయితే పిడి పైకొనను చూడండి. తలలోని రంధ్రం నడుమ ఇరుకుగా, పైనా కిందా వెడల్పుగా ఉంటుంది. పిడిని కింది నుంచి దూర్చి, పైనుంచి చీల దిగగొడితే చెక్క పైన విచ్చుకుంటుంది. ఇక తల ముందుకు జారలేదు, వెనక్కూ రాలేదు. కాలం గడిచి చెక్క ఎండిపోతే తల కదలడం మొదలవుతుంది. చాలామంది సుత్తిని నీళ్లలో నానబెడతారు. చెక్క ఉబ్బి రెండు రోజులు బిగుతుగా ఉంటుంది గానీ, ఉబ్బిన నారలు ఇనుముకు ఒత్తుకుని నలిగిపోయి, ఆరాక ముందుకన్నా వదులవుతాయి. దానికి బదులు ఇలా చేయండి:

1. సుత్తిని తల కిందికి వేలాడేలా పిడి మధ్యలో పట్టుకోండి. తల దేనికీ ఆనకూడదు, గాల్లోనే ఉండాలి.
2. తల లేని వైపు, ఇప్పుడు పైకి వచ్చిన పిడి కొనను చెక్క కొడతతోనో బరువైన చెక్క ముక్కతోనో బలంగా కొట్టండి. ఇనప సుత్తితో కొట్టవద్దు.
3. ప్రతి దెబ్బకూ పిడి కిందికి కదులుతుంది, బరువైన తల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూసేవాళ్లకు తల పిడి మీదుగా పైకి పాకుతున్నట్టు ఉంటుంది. పిల్లలకు చూపిస్తే మంత్రమనుకుంటారు.
4. తల బిగిశాక చీలను ఇంకొంచెం దిగగొట్టండి. చీల పూర్తిగా దిగిపోయి ఉంటే పక్కన మరొకటి వేయండి.

ఒక సుత్తి ముఖాన్ని ఇంకో సుత్తితో మాత్రం ఎప్పుడూ కొట్టవద్దు. రెండూ గట్టి ఉక్కు, పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

స్క్రూడ్రైవర్, టెస్టర్

పిడికి, ఇనుప కడ్డీకి మధ్య ఆరు పలకల భాగం ఉందా? స్పానర్ పెట్టడానికి అది. కదలని స్క్రూ మీద ఒక చేత్తో బరువంతా వేసి నొక్కుతూ, రెండో చేత్తో స్పానర్‌ను మెల్లగా తిప్పండి. స్క్రూ తల పాడయ్యేది తిప్పే బలం ఎక్కువై కాదు, నొక్కే బలం చాలక. స్పానర్ తిప్పే భారాన్ని తీసుకుంటే మీ బలమంతా నొక్కడానికి మిగులుతుంది. ఆరు పలకలు లేని పిడుల్లో చివర చిల్లు ఉంటుంది. తగిలించుకోవడానికే అనుకుంటాం, కానీ అందులో ఇంకో స్క్రూడ్రైవర్ అడ్డంగా దూరిస్తే తిప్పడానికి పొడవాటి పట్టు దొరుకుతుంది.

స్టార్ స్క్రూ అని మనం పిలిచేదంతా ఒకటే రకం కాదు. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్‌కు 1936లో పేటెంట్లు దక్కిన కూడలి గుర్తు ఒకటి. స్క్రూ తల మీద ఆ కూడలి చేతుల మధ్య ఇంకో నాలుగు సన్నటి గీతలు కనిపిస్తే అది పోజీడ్రైవ్. దానికి ఫిలిప్స్ కొన పెడితే దూరినట్టే దూరి జారిపోతుంది. కూడలి పక్కన ఒకే ఒక చుక్క ఉంటే జపాన్ ప్రమాణపు స్క్రూ. ఆ చుక్కకు పని లేదనుకుంటాం గానీ, స్క్రూ ముఖం పాడైపోకుండా ముందే హెచ్చరించేది అదే. ఇంట్లో ఎక్కువగా వచ్చే స్టార్ స్క్రూలకు 2వ నంబరు కొన సరిపోతుంది. చిన్న వస్తువులకు 1, ఇంకా చిన్నవాటికి 0. కొన లోపల ఊగిసలాడుతుంటే అది తప్పు కొన.

ఇక కరెంటు టెస్టర్. పారదర్శకమైన పిడిలో నియాన్ దీపం, దాని వెనక పెద్ద రెసిస్టర్, పిడి చివర ఇనుప టోపీ ఉంటాయి. ఆ టోపీని వేలితో తాకితేనే దీపం వెలుగుతుంది, ఎందుకంటే సర్క్యూట్‌లో మిగిలిన భాగం మీరే. కొన నుంచి రెసిస్టర్, దీపం, టోపీ, మీ ఒళ్లు, నేల, ఇదీ కరెంటు నడిచే దారి. రెసిస్టర్ విలువ సుమారు పది లక్షల ఓమ్‌లు. 230 వోల్టుల దగ్గర దాని గుండా వెళ్లేది మిల్లీ ఆంపియర్‌లో నాలుగో వంతు కూడా ఉండదు, అందుకే షాక్ తెలియదు.

ఇది తెలిస్తే టెస్టర్‌ను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఎండలో దీపం కనిపించదు. ప్లాస్టిక్ కుర్చీ మీదో, మందపాటి చెప్పులతోనో నిలబడితే మసకబారుతుంది. దీపం వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. కాబట్టి ముందు కరెంటు తప్పకుండా ఉన్న చోట పెట్టి వెలుగుతోందని చూడండి, తర్వాత అనుమానం ఉన్న చోట, మళ్లీ మొదటి చోట పెట్టి చూడండి. అప్పుడు కూడా మెయిన్ ఆపకుండా తీగ ముట్టుకోవద్దు. పిడి పగిలినదాన్ని, తడిసినదాన్ని పారేయండి. టెస్టర్‌తో బిగుసుకున్న స్క్రూలు తిప్పడం మానేస్తే అది పగలదు కూడా.

కటింగ్ ప్లయర్, స్పానర్లు

కటింగ్ ప్లయర్ నోట్లో మూడు పనుల చోట్లున్నాయని అందరికీ తెలుసు: చదునైన ముక్కు, మధ్యలో పళ్లున్న కోల గుంట, దాని వెనక తీగ కోసే పదును. కోల గుంట గుండ్రటి గొట్టాలను, కడ్డీలను పట్టడానికి. దాంతో నట్టు తిప్పగలం గానీ నట్టు మూలలు అరిగిపోతాయి. నాలుగోది చాలామంది చూడరు. కొన్ని ప్లయర్లలో ఇరుసు పక్కన, అంచు మీద రెండు గాట్లు ఉంటాయి. ప్లయర్ తెరిస్తే రెండూ ఒకదానికొకటి ఎదురై చిన్న కన్నంలా కనిపిస్తాయి. అందులో తీగ పెట్టి మూస్తే కత్తిరించినట్టు తెగుతుంది. ఇరుసుకు అంత దగ్గరలో బలం ఎక్కువ కాబట్టి పక్క పదునుకు లొంగని మందపాటి ఇనుప తీగ అక్కడ తెగుతుంది. గట్టి స్ప్రింగు ఉక్కును మాత్రం పెట్టవద్దు.

పిడి మీది ప్లాస్టిక్ తొడుగును చూసి కరెంటు పనికి పనికొస్తుందనుకోవడం ప్రమాదం. మామూలు తొడుగు చేతికి పట్టు కోసమే. కరెంటు పనికి చేసిన వాటి మీద రెండు త్రిభుజాలు కలిసిన గుర్తు, 1000 వోల్టుల అంకె ముద్రించి ఉంటాయి. ఐఈసీ 60900 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించినవవి. గుర్తు లేకపోతే, తొడుగు ఎంత మందంగా ఉన్నా సరే, అది పట్టు మాత్రమే.

స్పానర్ తల పిడికి ఏటవాలుగా ఎందుకుంటుంది? ఆ వాలు మామూలుగా 15 డిగ్రీలు. ఆరు పలకల నట్టును 60 డిగ్రీలు తిప్పితే గానీ స్పానర్‌కు మళ్లీ అదే పట్టు దొరకదు. ఇరుకు మూలల్లో అంత తిప్పే చోటు ఉండదు. అలాంటప్పుడు 30 డిగ్రీలు తిప్పి, స్పానర్ తీసి, బోర్లా తిప్పి పెట్టండి. 15 డిగ్రీల వాలు ఇటు నుంచి అటు మారి, 30 డిగ్రీల తేడాతో కొత్త పట్టు దొరుకుతుంది. నట్టు 30 డిగ్రీలే తిరిగినా పని సాగుతుంది. ఒకసారి చేతితో చేసి చూస్తే ఇంకెప్పటికీ మర్చిపోరు.

స్పానర్ల పొడవులోనూ లెక్క ఉంది. చిన్న నంబరు స్పానర్ పొట్టిగా, పెద్దది పొడవుగా ఉండేది అందం కోసం కాదు. చిన్న బోల్టు తట్టుకోగల బలం తక్కువ. పొట్టి పిడి మీ చేతిని అంతకు మించి బిగించనీయదు. చిన్న స్పానర్‌కు గొట్టం తొడిగి తిప్పితే ఆ కాపలాను మీరే తీసేస్తున్నారు, బోల్టు తల తెగి చేతికొస్తుంది. స్పానర్ మీది అంకె బోల్టు మందం కాదు, నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరం. అందుకే 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 13 నంబరు స్పానర్ అడుగుతారు, 6 మిల్లీమీటర్లదానికి 10.

స్క్రూ స్పానర్‌కు ఒక దిక్కు ఉంది. స్వీడన్‌లో యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892లో పేటెంటు తీసుకున్న రూపమే ఇప్పటికీ నడుస్తోంది. ఒక దవడ పిడితో కలిసిపోయి ఉంటుంది, రెండోది కదులుతుంది. కదిలే దవడ ఉన్న వైపుకే తిప్పాలి. అలా తిప్పితే భారమంతా కదలని దవడ మీద పడుతుంది. దానికి ఎదురు వైపుకు తిప్పితే కదిలే దవడ వెనక్కి వంగి, మర పళ్లు అరిగి, నట్టు మూలలు గుండ్రమవుతాయి. నట్టు మీద పెట్టాక మరను మళ్లీ ఒకసారి బిగించుకోండి.

కోసే సామాను

రంపం పళ్లను కొన వైపు నుంచి చూడండి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగి ఉంటాయి. దీనివల్ల చెక్కలో పడే గాడి రేకు మందం కన్నా వెడల్పవుతుంది, రంపం ఇరుక్కోదు. పళ్లు వంగిపోయాయని తిన్నగా కొడితే ఆ రంపం ఇక కదలదు. చాలా చేతి రంపాల్లో పిడికీ, రంపం వీపుకూ మధ్య కోణం ఒక అంచు దగ్గర 90, ఇంకో అంచు దగ్గర 45 డిగ్రీలు ఉంటుంది. పిడి అంచును చెక్కకు ఆనించి, వీపు వెంట గీత గీస్తే మూలమట్టం అక్కర్లేదు.

హాక్సా బ్లేడు పళ్లు ముందుకు చూడాలి. బ్లేడు మీద బాణం గుర్తు ఉంటే అది పిడికి దూరంగా చూపాలి. కోసే ఇనుము మీద ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనాలి. పలుచటి రేకుకు అంగుళానికి 32 పళ్లున్న బ్లేడు, మందపాటి కడ్డీకి 18 పళ్లది. మూడు ఆనకపోతే రేకు రెండు పళ్ల సందులో పడి పళ్లు ఊడతాయి.

ఆకురాయిలో చదునైనది ఉంటే దాని పక్క అంచులను వేలితో తాకండి. ఒక అంచుకు గరుకు లేకపోతే అది మర్చిపోయింది కాదు. మూల దగ్గర ఒక ముఖాన్ని అరగదీస్తున్నప్పుడు పక్క ముఖాన్ని గీయకుండా జారిపోవడానికి ఆ నున్నటి అంచు ఉంచారు.

కత్తెర మూసి వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే రెండు బ్లేడ్ల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. ఇరుసు దగ్గర, కొన దగ్గర మాత్రమే ఆనుకుంటాయి. కోస్తున్నప్పుడు ఆ ఆనే చోటు ముందుకు జరుగుతూ పోతుంది, పదునంతా అక్కడే ఉంటుంది. సందు పోగొడదామని ఇరుసు బిగిస్తే కత్తెర బరువెక్కుతుంది తప్ప బాగా కోయదు. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పడితే బట్ట నలిగి సందులో దూరడం కూడా ఇందుకే. కుడిచేయి పట్టు బ్లేడ్లను దగ్గరికి నొక్కుతుంది, ఎడమచేయి పట్టు వాటిని విడదీస్తుంది.

గీతలున్న కట్టర్ బ్లేడును జపాన్‌లో యోషియో ఒకాడా 1956లో తయారుచేశాడు. మొద్దుబారిన ముక్కను విరిస్తే కొత్త కొన వస్తుంది. విరవడానికి కట్టర్ వెనక ఉన్న టోపీనే వాడాలి, దాన్ని లాగితే ఊడుతుంది, అందులో సన్నటి చీలిక ఉంటుంది. ఒక్క గీత మాత్రం బయటికి వచ్చేలా బ్లేడు చాచి, గీతలున్న ముఖం పైకి పెట్టి, ముక్కను చీలికలో దూర్చి కిందికి వంచండి. కళ్లద్దాలు పెట్టుకోండి. విరిగిన ముక్కలను మూతున్న డబ్బాలో వేయండి, చెత్తబుట్టలో కాదు.

ఎందుకో తెలియని చిల్లులు

తాళం కప్పను బోర్లా తిప్పితే తాళంచెవి దూరే రంధ్రం పక్కన చిన్న చిల్లు ఉంటుంది. బయట వేసిన తాళంలోకి చేరిన వాన నీరు దాని గుండా కారిపోతుంది. తుప్పు తగ్గుతుంది, చలి ప్రదేశాల్లో లోపల నీరు గడ్డకట్టి తాళం పట్టేయకుండా ఉంటుంది. తాళం మొరాయిస్తే నూనె వేయాల్సింది కూడా అందులోనే. రంగు వేసేటప్పుడు దాన్ని పూడ్చేయకండి.

పెన్ను మూత కొనలో ఉన్న చిల్లు సిరా కోసం కాదు. పిల్లలు పొరపాటున మూత మింగి గొంతులో అడ్డం పడితే గాలి ఆడటానికి. ఐఎస్ఓ 11540 అనే ప్రమాణం ఇందుకే ఉంది. బిక్ కంపెనీ తన పారదర్శకమైన పెన్నుల మూతకు 1991లో ఈ చిల్లు పెట్టింది. పెన్ను ఒంటి మీద పక్కగా ఉండే ఇంకో సూది చిల్లు వేరు. అది లోపలి గాలినీ బయటి గాలినీ సమం చేసి సిరా దిగేలా చూస్తుంది.

సందులు పూడ్చే సిలికాన్ గన్ ఉంటే దాని పిడిలో చిన్న చిల్లు, ముందు భాగంలో మడతపెట్టిన తీగ వెతకండి. చిల్లులో ముక్కు దూర్చి ట్రిగ్గర్ నొక్కితే కొన తెగుతుంది, తీగ తిప్పి లోపలి మూతను పొడవొచ్చు. ఈ రెండూ ఉండగా నేను ఏళ్ల తరబడి కత్తీ, మేకూ వెతుక్కున్నాను. అన్ని గన్‌లలోనూ ఉండవు, ఉన్నవాటిలోనూ ఎవరూ చెప్పరు.

ప్లగ్గు, ఇస్త్రీ పెట్టె

చాలా దేశాల మూడు కాళ్ల ప్లగ్గుల్లో ఎర్త్ కాలు మిగతా రెండిటికన్నా పొడవు. పెట్టేటప్పుడు అదే ముందు తాకాలి, తీసేటప్పుడు అదే చివర వదలాలి. అప్పుడు కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉంటుంది. బ్రిటన్‌లో 1947లో ప్రమాణంగా వచ్చిన చదును కాళ్ల ప్లగ్గులో ఆ పొడవాటి కాలు ఇంకో పని కూడా చేస్తుంది. సాకెట్‌లోని మిగతా రెండు కన్నాలకు అడ్డంగా ఉన్న మూతలను అది తెరుస్తుంది. ఎర్త్ కాలు విరిగిపోయిందని మిగతా రెండింటితో నెట్టుకొస్తే ఈ రక్షణలన్నీ పోయినట్టే.

ప్లగ్గు లోపలా అదే తర్కం నడపాలి. తీగలు కలిపేటప్పుడు ఎర్త్ తీగను మిగతా రెండిటికన్నా కాస్త పొడవుగా, వదులుగా వదలండి. ఎవరైనా తీగ పట్టి లాగితే ఫేజ్, న్యూట్రల్ ముందు ఊడి, ఎర్త్ ఆఖరున ఊడాలి. తీగను నొక్కిపట్టే బిగింపును దాని పై తొడుగు మీద వేయండి, లోపలి సన్న తీగల మీద వేయవద్దు. ఇదంతా ప్లగ్గు సాకెట్ నుంచి తీసి పక్కన పెట్టాకే.

ఇస్త్రీ పెట్టె ముందు అంచు వెంట సన్నటి గాడి ఉంటే అది గుండీల కిందికి దూరడానికి. పెట్టెను గుండీ మీదుగా తోయకుండా, ఆ గాడిలో గుండీ పట్టేలా పక్క నుంచి పోనివ్వండి. బట్టల చీటీల మీది చుక్కలు అడుగుపలక వేడిని చెబుతాయి: ఒక చుక్కకు తక్కువ, రెండింటికి మధ్యస్థం, మూడింటికి ఎక్కువ వేడి. తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టండి. పెట్టె వేడెక్కడం తొందరగా జరుగుతుంది, చల్లారడానికి చాలాసేపు పడుతుంది.

నమ్మకూడనివి కొన్ని

దాగిన ఉపయోగాల గురించి చెప్పేవాళ్లు ఎక్కువైన కొద్దీ అల్లికలూ ఎక్కువయ్యాయి. గరిటె నిలబెట్టడానికే గిన్నె పిడిలో చిల్లు పెట్టారంటారు. అది ముందు తగిలించుకోవడానికే. గరిటె నిలబడితే సంతోషమే, కానీ అన్ని గరిటెలకూ సరిపోదు. రెండు రంగుల రబ్బరులో నీలి భాగం సిరా చెరుపుతుందని చిన్నప్పుడు నమ్మి ఎన్ని కాగితాలు చించామో. దాని గరుకు సిరాతో పాటు కాగితాన్నీ గీకేస్తుంది. ఇలాంటివి ఎదురైతే మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నల్లో చివరిది చాలు: దాన్ని మూసేసి చూడండి, పనిలో తేడా రాకపోతే కథే.

నా పాత టేపును పారేయలేదు. కొక్కెం ఇప్పటికీ లోపలికి నొక్కుకునే ఉంది. గోడల మధ్య కొలతలు మాత్రం కచ్చితంగా చెబుతుంది. డబ్బా మీద మార్కర్‌తో 'లోపలి కొలతకు మాత్రమే' అని రాసి పెట్టుకున్నాను.